గాలికి గాదె కట్టాలన్న శాస్త్రవేత్త: కేంబ్రిడ్జ్ నుంచి కాకినాడ వరకు హాల్డేన్ జీవనయానం

సముద్రంలో నెలకొల్పిన గాలిమరల నుంచి విద్యుత్తును ఉత్పత్తి చేయడం, ఆ విద్యుత్తుతో అక్కడికక్కడే నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను తయారు చేయడం ఐరోపాలో ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. భారతదేశం సముద్ర పవన విద్యుత్తుకు, హరిత హైడ్రోజన్‌కు వేర్వేరుగా పథకాలు రూపొందించుకుంది. ఈ రెండింటినీ కలిపే మూలసూత్రాన్ని 1923లోనే 30 ఏళ్ల శాస్త్రవేత్త ఒకరు కేంబ్రిడ్జ్‌లో సభికుల ముందు ఉంచారు. ఆయన ఇంజినీరు కారు. ఒక్క గాలిమరనైనా నిర్మించలేదు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా కూడా లేదు. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్.

బ్రిటన్‌లో పుట్టి, భారత పౌరుడిగా కన్నుమూసిన హాల్డేన్‌ను ప్రపంచం ప్రధానంగా జన్యుశాస్త్రవేత్తగా గుర్తుంచుకుంది. రోనాల్డ్ ఫిషర్, స్యూవాల్ రైట్‌లతో పాటు జీవపరిణామ సిద్ధాంతానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. అయితే ఆయన జీవితం పొడవునా మరో అంశం కనిపిస్తుంది. అది వాయువులతో ఆయనకున్న సంబంధం. బాల్యంలో గనిలోని మీథేన్, యౌవనంలో యుద్ధరంగపు క్లోరిన్, నడివయసులో జలాంతర్గామిలోని కార్బన్ డయాక్సైడ్. వీటన్నింటినీ ఆయన స్వయంగా పీల్చి పరీక్షించారు. హైడ్రోజన్ ఒక్కటే ఆయనకు ఊహగా మిగిలింది. ఆ ఊహ ఎంత దూరం వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ఆయన జీవితమే మంచి ఆధారం.

గనిలో మొదలైన చదువు

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధించిన ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లో పేలుళ్లు జరిగినప్పుడు కార్మికులు ఎలా మరణిస్తున్నారో తేల్చిన వ్యక్తి ఆయన. చాలా మరణాలకు కారణం పేలుడు తాకిడి కాదని, ఆ తరువాత వ్యాపించే కార్బన్ మోనాక్సైడ్ అని నిర్ధారించారు. విషవాయువును ముందే పసిగట్టేందుకు చిన్న పక్షులను గనిలోకి తీసుకువెళ్లాలన్న పద్ధతి ఆయన సూచించినదే. తరువాతి కాలంలో రచయిత్రిగా పేరు పొందిన నయోమీ మిచిసన్ హాల్డేన్‌కు చెల్లెలు.

తండ్రి తన పరిశోధనల్లో కుమారుడిని చిన్ననాటి నుంచే వెంట ఉంచుకున్నారు. ఒకసారి గనిలో కప్పు దగ్గర మీథేన్ పేరుకున్న చోట బాలుడిని నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొద్దిసేపటికే ఊపిరి అందక కాళ్లు తడబడి బాలుడు కింద పడిపోయాడు. నేల మీద గాలి బాగానే ఉండటంతో తేరుకున్నాడు. మీథేన్ గాలి కంటే తేలికైనదని, అది పైభాగంలో చేరుతుందని ఆ పిల్లవాడికి పుస్తకం అవసరం లేకుండానే బోధపడింది.

1906లో, 13 ఏళ్ల వయసులో, స్కాట్లాండ్ తీరంలో ఒక నౌకాదళ ఓడ మీద నుంచి హాల్డేన్ డైవింగ్ దుస్తులు ధరించి సముద్రంలోకి దిగారు. ఆ దుస్తులు పెద్దవారి కొలతకు కుట్టినవి. మణికట్టు దగ్గర నీరు లోపలికి చొరబడింది. ఆ యాత్ర తండ్రి సాగిస్తున్న పీడన పరిశోధనల్లో భాగం. లోతు నుంచి ఒక్కసారిగా పైకి వస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలై ప్రాణం తీస్తుంది. అందుకని అంచెలంచెలుగా, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతూ పైకి రావాలో తెలిపే పట్టికలను తండ్రి, ఆయన సహచరులు 1908లో ప్రచురించారు. నేటికీ సముద్రంలోని చమురు వేదికల పునాదులను, గాలిమరల తంత్రులను పరిశీలించే డైవర్లు పాటించే నియమాలకు ఆ పట్టికలే పూర్వరూపం.

ఈటన్ పాఠశాల తరువాత హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కళాశాలలో చేరారు. ముందు గణితం, తరువాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం చదివి 1914లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. విజ్ఞానశాస్త్రం ఆయనకు ఇంట్లో, గనుల్లో, తండ్రి ప్రయోగశాలలో అబ్బింది.

యుద్ధంలో క్లోరిన్

మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే హాల్డేన్ బ్లాక్ వాచ్ దళంలో అధికారిగా చేరి ఫ్రాన్స్‌కు వెళ్లారు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించింది. దానికి విరుగుడు కనుగొనే బాధ్యత తండ్రి మీద పడింది. ఆయన కుమారుడిని యుద్ధరంగం నుంచి పిలిపించారు. తండ్రీకొడుకులు, మరికొందరు సహాయకులు గాజు అద్దాలు అమర్చిన చిన్న గదిలోకి క్లోరిన్ వదిలి, ముసుగు ధరించి ఒకసారి, ధరించకుండా ఒకసారి పీల్చి చూశారు. ముసుగు ఎంతసేపు కాపాడుతుందో, శారీరక శ్రమ చేస్తే ఆ వ్యవధి ఎంత తగ్గుతుందో తేల్చారు.

ఆ వెంటనే హాల్డేన్ తిరిగి యుద్ధరంగానికి వెళ్లి గాయపడ్డారు. కోలుకున్నాక మెసపొటేమియాకు పంపారు. అక్కడా గాయపడటంతో చికిత్సకు భారతదేశం చేర్చారు. ఈ దేశాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి. పాలకజాతి సైనికాధికారిగా కాక, ఇక్కడి మనుషులతో సమానంగా మెలగగలిగిన రోజునే తిరిగి రావాలని అప్పుడే అనుకున్నారు. ఆ రోజు రావడానికి 40 ఏళ్లు పట్టింది.

యుద్ధం ముగిశాక 1919లో న్యూ కళాశాలలో అధ్యాపకులయ్యారు. శ్వాసక్రియపై ప్రయోగాలు కొనసాగించారు. రక్తంలో ఆమ్లత పెరిగితే శరీరం ఎలా స్పందిస్తుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం తాగి రోజుల తరబడి ఆయాసపడ్డారు. కుందేలు మీద చేసే ప్రయోగం కంటే మనిషి మీద చేసినది ఎక్కువ చెబుతుందని, ఆ మనిషి ప్రయోగం చేసేవాడే కావడం న్యాయమని ఆయన నమ్మకం. 1923లో కేంబ్రిడ్జ్‌లో జీవరసాయన శాస్త్ర రీడర్ పదవి చేపట్టారు.

1923 ఫిబ్రవరి 4

ఆ రోజు కేంబ్రిడ్జ్‌లోని హెరెటిక్స్ అనే చర్చా సంఘం సభలో హాల్డేన్ ఒక వ్యాసం చదివారు. విజ్ఞానశాస్త్రం మానవాళి భవిష్యత్తును ఎలా మారుస్తుందన్నది అందులోని విషయం. గ్రీకు పురాణాల్లోని శిల్పి డెడాలస్ పేరిట అది చిన్న పుస్తకంగా వెలువడి పలుమార్లు పునర్ముద్రణ పొందింది. తల్లి గర్భం వెలుపల శిశువులను పెంచడం గురించి అందులో చేసిన ఊహలు పెద్ద దుమారం రేపాయి. ఆల్డస్ హక్స్‌లీ నవలకు ప్రేరణ కూడా అక్కడి నుంచే లభించింది. తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ ఇకారస్ పేరుతో మరో పుస్తకం రాసి, విజ్ఞానం అధికారంలో ఉన్నవారి చేతిలో ఆయుధమవుతుందని హెచ్చరించారు. ఈ వాదోపవాదాల నడుమ ఇంధనం గురించి హాల్డేన్ రాసిన కొద్ది పేరాలు చాలాకాలం మరుగున పడ్డాయి.

ఆ పేరాల్లో వాదన సూటిగా సాగుతుంది. బొగ్గు, చమురు కొన్ని శతాబ్దాల్లో తరిగిపోతాయి. జలవిద్యుత్తు వాటి స్థానాన్ని పూర్తిగా భర్తీ చేయలేదు. నదులు అన్నిచోట్లా లేవు, అన్ని రుతువుల్లోనూ ఒకేలా పారవు. జలశక్తి మీదే ఆధారపడితే పరిశ్రమల కేంద్రాలు హిమాలయ సానువుల వంటి పర్వత ప్రాంతాలకు తరలిపోవచ్చు. చివరకు మనిషి ఆశ్రయించవలసినవి గాలి, ఎండ. అవి తరగనివి, కానీ నిలకడ లేనివి. కాబట్టి అసలు సమస్య శక్తిని పట్టుకోవడం కాదు. దాన్ని బొగ్గులాగా, పెట్రోలులాగా వీలుగా నిల్వ చేసుకోవడం.

ఆ నిల్వకు హాల్డేన్ చూపిన మార్గం హైడ్రోజన్. దేశమంతటా లోహపు గాలిమరలు బారులు తీరి ఉంటాయి. గాలి బలంగా వీచినప్పుడు మిగిలిన విద్యుత్తుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడతారు. వాటిని ద్రవరూపంలోకి మార్చి, శూన్యపు పొర చుట్టిన భారీ తొట్లలో భూమి లోపల భద్రపరుస్తారు. గాలి పడిపోయినప్పుడు ఆ రెండు వాయువులను తిరిగి కలిపి విద్యుత్తు పొందుతారు. అందుకు పేలుడు ఇంజిన్ల కంటే నేడు ఫ్యూయెల్ సెల్ అంటున్న సాధనమే మేలని ఆయన భావించారు. ద్రవ హైడ్రోజన్ బరువును బట్టి పెట్రోలు కంటే సుమారు మూడు రెట్ల వేడినిస్తుందని, పరిమాణాన్ని బట్టి మాత్రం మూడో వంతే ఇస్తుందని లెక్క కట్టారు. మొదటి లెక్క నేటికీ సరైనదే. రెండో లెక్క కొంచెం ఆశావహమైనది. నిజానికి అది నాలుగో వంతు.

ప్రారంభ వ్యయం భారీగా ఉంటుందని, నిర్వహణ ఖర్చు తక్కువని కూడా ఆయన గుర్తించారు. పరిశ్రమలు ఒకేచోట గుమిగూడనవసరం ఉండదని, పొగ, బూడిద ఉండవని చెప్పారు. చౌకైన, మన్నికైన బ్యాటరీని రేపే ఎవరైనా కనిపెట్టవచ్చన్న అవకాశాన్నీ వదలలేదు. ఇదంతా జరగడానికి ఆయన వేసిన గడువు 400 ఏళ్లు.

ఈ ఊహకు వాడిన ముడిసరుకు కొత్తది కాదు. విద్యుత్తుతో నీటిని విడగొట్టవచ్చని 1800లోనే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ చూపించారు. ఫ్యూయెల్ సెల్‌ను విలియం గ్రోవ్ 19వ శతాబ్దం మధ్యలో రూపొందించారు. హైడ్రోజన్‌ను జేమ్స్ డ్యూయర్ 1898లో ద్రవీకరించారు. డెన్మార్క్‌లోని ఆస్కోవ్ గ్రామంలో పౌల్ ల కూర్ అనే ఉపాధ్యాయుడు 1890లలోనే గాలిమర విద్యుత్తుతో హైడ్రోజన్ తయారు చేసి పాఠశాలలో దీపాలు వెలిగించారు. ఆ ప్రయత్నంలో వాయువు పేలి కిటికీ అద్దాలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. హాల్డేన్ చేసిన కొత్త పని ఈ విడి భాగాలను ఒక దేశానికి సరిపడే వ్యవస్థగా కలిపి చూడటం.

పొగ, సీతాకోకచిలుక, జలాంతర్గామి

పొగలేని దేశాన్ని ఊహించిన మరుసటి సంవత్సరమే, పొగ ప్రాణుల మీద చూపే ప్రభావాన్ని హాల్డేన్ అంకెల్లోకి తెచ్చారు. మాంచెస్టర్ ప్రాంతంలో బొగ్గు మసితో చెట్ల బెరళ్లు నల్లబడటంతో, లేతరంగు చిమ్మట పురుగులను పక్షులు సులువుగా పట్టుకునేవి. నల్లనివి బతికిపోయేవి. 50 ఏళ్లలో నల్లని రకం దాదాపు మొత్తం ఆక్రమించింది. ఇంత వేగంగా మార్పు రావాలంటే నల్లని రకం లేతరంగు రకం కంటే సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని ఆయన 1924లో లెక్కించారు. ప్రకృతి వరణం ఇంత బలంగా పనిచేస్తుందని అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు. ఆ పరంపరలో వెలువడిన వ్యాసాలు, 1932 నాటి జీవపరిణామ గ్రంథం ఆయన కీర్తికి ఆధారాలు. అదే ఏడాది రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు.

1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో థెటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలో మునిగిపోయింది. అందులోని 103 మందిలో నలుగురే బయటపడ్డారు. 99 మంది మరణించారు. వారిలో ఓడ నిర్మాణ కేంద్రపు కార్మికులూ ఉన్నారు. కార్మిక సంఘాలు హాల్డేన్ సహాయం కోరాయి. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన కొందరితో కలిసి ఆయన ఒక ఉక్కు గదిలో బంధించుకుని, కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ మనిషి ఆలోచనాశక్తి ఎలా సన్నగిల్లుతుందో పరీక్షించారు. ఆ ఫలితాలు విచారణకు ఉపయోగపడ్డాయి.

ఆ తరువాత నౌకాదళం ఆయనకు ఆ పరిశోధనను కొనసాగించే బాధ్యత అప్పగించింది. అధిక పీడనంలో ఆక్సిజన్ కూడా విషమవుతుందని, మూర్ఛ తెప్పిస్తుందని తెలుసుకోవడానికి ఆయన, సహచరి హెలెన్ స్పర్వే పదేపదే పీడన గదుల్లోకి వెళ్లారు. ఒకసారి వచ్చిన మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి జీవితాంతం వెంటాడింది. కర్ణభేరికి రంధ్రం పడింది. యుద్ధకాలపు డైవర్లు ఎంత లోతున ఎంతసేపు పనిచేయవచ్చో ఈ ప్రయోగాలే తేల్చాయి.

రాజకీయాల్లోనూ ఆయన ఇదే పట్టుదల చూపారు. కమ్యూనిస్టు పార్టీలో చేరి, దాని పత్రికకు ఏళ్ల తరబడి సామాన్యులకు అర్థమయ్యే శాస్త్రీయ వ్యాసాలు రాశారు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో పేరిట జన్యుశాస్త్రాన్ని అణచివేసిన వేళ చాలాకాలం స్పష్టంగా ఖండించలేకపోయారు. ఈ మౌనం ఆయన మీద నిలిచిన విమర్శ. 1950 నాటికి పార్టీకి దూరమయ్యారు.

భారత పౌరుడు

1957లో హాల్డేన్, హెలెన్ స్పర్వే దంపతులు భారతదేశానికి తరలివచ్చారు. సూయెజ్ కాలువ విషయంలో బ్రిటన్ అనుసరించిన వైఖరిపై నిరసనను ఆయన కారణంగా ప్రకటించారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానం మేరకు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. కుర్తా, పైజామా ధరించారు. శాకాహారం స్వీకరించారు. 1961లో భారత పౌరసత్వం పొందారు.

ఖరీదైన పరికరాలు లేని దేశంలో పరిశోధన సాగదన్న మాటను ఆయన అంగీకరించలేదు. కళ్లు, నోటుపుస్తకం, లెక్కించే ఓపిక ఉంటే చాలని శిష్యులకు నేర్పారు. సురేశ్ జయకర్ చితుకు పిట్టల గూళ్లను గమనించారు. పిఠాపురంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివిన ద్రోణంరాజు కృష్ణారావు హాల్డేన్ వద్ద జన్యుశాస్త్రం అభ్యసించారు. ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో లెక్కించారు. ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల ప్రభావంపై పరిశోధించారు. తరువాత అమెరికాలో స్థిరపడి గురువు జీవితచరిత్ర రాశారు.

సంస్థ పరిపాలనతో విభేదించి 1961లో బయటికి వచ్చిన హాల్డేన్ మరుసటి ఏడాది భువనేశ్వర్ చేరారు. ఒడిశా ప్రభుత్వ సహకారంతో జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాల నెలకొల్పారు. అంతలోనే క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో శస్త్రచికిత్స చేయించుకున్న తరువాత, లక్షణాలు కనిపించగానే వైద్యుడిని కలవమని జనాన్ని హెచ్చరిస్తూ ఒక హాస్య కవిత ప్రచురించారు. తన మరణవార్తగా ప్రసారం చేయడానికి బీబీసీకి స్వయంగా ప్రసంగం రికార్డు చేసి ఇచ్చారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. బతికినంత కాలం పరిశోధనకు వాడిన దేహాన్ని మరణానంతరమూ బోధనకు, పరిశోధనకే ఉపయోగించాలని వీలునామాలో కోరారు. ఆ ప్రకారం భౌతికకాయాన్ని 1958లో ప్రారంభమైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తరలించారు. ఆయన అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరిచారు.

నేల మీది ఊహ నీటి మీదికి

హాల్డేన్ ఊహలోని గాలిమరలు నేల మీదివి. వాటిని సముద్రం మీదికి తీసుకువెళ్లినది అమెరికా నౌకాదళ మాజీ అధికారి, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం హెరోనిమస్. న్యూ ఇంగ్లండ్ తీరానికి దూరంగా తేలే నిర్మాణాలపై గాలిమరలు నిలిపి, ఆ విద్యుత్తుతో హైడ్రోజన్ తయారు చేసి ఒడ్డుకు పంపాలని ఆయన 1972లో ప్రతిపాదించారు. అప్పటికే కేంబ్రిడ్జ్‌లో ఫ్రాన్సిస్ బేకన్ అభివృద్ధి చేసిన ఫ్యూయెల్ సెల్ ఆధారంగా రూపొందిన పరికరాలు అపోలో వ్యోమనౌకలకు విద్యుత్తునిచ్చాయి. చంద్రుడి వరకు వెళ్లిన సాధనం సముద్రంలో మాత్రం ఆగిపోయింది. కారణం ఖర్చు.

సముద్రంలో తొలి పవన విద్యుత్ కేంద్రం 1991లో డెన్మార్క్‌లోని విండెబీ వద్ద మొదలైంది. 11 టర్బైన్లు కలిపి సుమారు 5 మెగావాట్ల సామర్థ్యం. 2022లో ఇంగ్లండ్ తూర్పు తీరంలో పూర్తయిన హార్న్‌సీ 2 కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే 1,300 మెగావాట్లను మించింది. 2024 సెప్టెంబరు 30న బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసివేసింది. 400 ఏళ్లు పడుతుందనుకున్న మార్పులో సగభాగం 101 ఏళ్లకే జరిగిపోయింది.

మిగతా సగం, అంటే నిల్వ, ఇంకా మిగిలే ఉంది. 2023లో ఫ్రాన్స్ పశ్చిమ తీరాన, ఒడ్డుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సీలైఫ్ అనే తేలే వేదిక మీద 1 మెగావాట్ సామర్థ్యంతో హైడ్రోజన్ తయారైంది. తేలే గాలిమర ఉన్న ప్రయోగ క్షేత్రానికి దాన్ని అనుసంధానించారు. అలల ఊపుకు, ఉప్పు గాలికి పరికరాలు తట్టుకోగలవని తేలింది. అయితే అది ప్రయోగమే, వ్యాపారం కాదు.

కారణాలు లెక్కల్లోనే ఉన్నాయి. ఒక కిలో హైడ్రోజన్ తయారీకి 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఆ కిలోలో నిలిచే శక్తి సుమారు 33 యూనిట్లు. ఫ్యూయెల్ సెల్ ద్వారా తిరిగి విద్యుత్తుగా మారిస్తే అందులో సగం లేదా అంతకు కాస్త ఎక్కువ చేతికొస్తుంది. అంటే పెట్టిన మూడు పాళ్లలో దక్కేది ఒక పాలు. హాల్డేన్ చెప్పినట్లు ద్రవీకరించాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. దానికి కిలోకు మరో 10 యూనిట్లు లేదా అంతకు పైగా ఖర్చవుతాయి. కొద్ది గంటల నిల్వకు బ్యాటరీ ఎంతో మేలు. ఆయన ఒక వాక్యంలో ప్రస్తావించి వదిలేసిన బ్యాటరీయే నేడు ఆయన హైడ్రోజన్‌కు గట్టి పోటీదారు.

కాబట్టి హైడ్రోజన్‌ను తిరిగి విద్యుత్తుగా మార్చడం కంటే, విద్యుత్తు నేరుగా చేయలేని పనులకు వాడుకోవడమే లాభమన్న ఆలోచన బలపడింది. ఎరువులకు కావలసిన అమ్మోనియా, ఉక్కు, చమురు శుద్ధి, ఓడల ఇంధనం అటువంటివి. ఒడ్డుకు చాలా దూరంగా ఉన్న గాలిమరల విషయంలో, ఖరీదైన విద్యుత్ తంత్రుల కంటే గొట్టం ద్వారా వాయువును తీసుకురావడం చౌక కావచ్చు. సముద్రంలోనే హైడ్రోజన్ తయారు చేయాలన్న వాదనకు ఇదే ప్రధాన బలం.

నీటిది చిన్న సమస్య కాదు. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీరు అవసరం. సముద్రపు నీటిని నేరుగా వాడితే ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ కూడా వెలువడుతుంది. 1915లో తండ్రీకొడుకులు పీల్చి చూసిన వాయువే అది. అందుకే ముందుగా ఉప్పు తొలగించాలి. దానికి అయ్యే విద్యుత్తు తక్కువే, కానీ సముద్రం మధ్య నిర్వహించవలసిన యంత్రం మరొకటి పెరుగుతుంది. హైడ్రోజన్‌కు వాసన లేదు. దాని మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా అంటుకుంటుంది. మీథేన్ కంటే తేలిక కావడంతో మూసిన గదిలో కప్పు కింద చేరుతుంది. గనిలో బాలుడు నేర్చిన పాఠం ఈ వేదికల మీద పనిచేసే ప్రతి కార్మికుడికీ అవసరమే.

కాకినాడ తీరాన

కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. 2024 జూన్‌లో సముద్ర పవన విద్యుత్తుకు 7,453 కోట్ల రూపాయల సాయ పథకాన్ని ఆమోదించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లు దాని ఉద్దేశం. విశాఖపట్నం సమీపంలోని పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హరిత హైడ్రోజన్ ఉత్పత్తి లక్ష్యంగా ఎన్టీపీసీ అనుబంధ సంస్థ తలపెట్టిన కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా తయారీకి 2024లో పెట్టుబడి నిర్ణయం జరిగింది. దీనికి విద్యుత్తు సముద్రం నుంచి రాదు. నేల మీది సౌర, పవన కేంద్రాల నుంచి వస్తుంది. ఎండ, గాలి లేని వేళలకు నీటిని ఎత్తైన జలాశయంలోకి తోడి నిల్వ చేసే పద్ధతి తోడుగా ఉంటుంది. గాలి నిలకడలేమిని ఏదో ఒక గాదెతో పూరించాలన్న 1923 నాటి సూత్రం ఇక్కడ మరో రూపంలో అమలవుతోంది. బంగాళాఖాతంలో గాలిమరలు నిలపాలంటే తుపానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1996 నవంబరులో వచ్చిన తుపాను ఏం చేసిందో గోదావరి జిల్లాలు మరచిపోలేదు.

హాల్డేన్ గడువును తప్పుగా లెక్కించారు, కష్టాన్ని సరిగానే లెక్కించారు. నిల్వ ఖర్చే అసలు అడ్డంకి అన్న ఆయన అంచనా నేటికీ మారలేదు. అంతకంటే విలువైనది ఆయన పని తీరు. కార్మికుడు, సైనికుడు, డైవర్ పీల్చబోయే గాలిని ముందుగా తాను పీల్చి, ఎంతవరకు క్షేమమో అంకెల్లో చెప్పిన తరువాతే వారిని లోపలికి పంపాలన్నది ఆయన పద్ధతి. తేలే వేదికల మీద, అమ్మోనియా తొట్ల పక్కన పనిచేయబోయే తరానికి అటువంటి అంకెలు ఎవరో ఒకరు సిద్ధం చేయవలసి ఉంది. ఆ పరీక్షలన్నీ భరించిన దేహపు అస్థికలు కాకినాడ వైద్య కళాశాలలో ఇప్పటికీ విద్యార్థులకు పాఠంగా ఉన్నాయి.